పక్క కౌంటర్‌కు వచ్చిన ఉద్యోగం

హనుమకొండలో మేం పనిచేసిన ప్రైవేటు దవాఖానలో రిజిస్ట్రేషన్ కౌంటర్లు రెండు. ఒకటి నాది, ఒకటి ఆమెది. మధ్యలో అద్దం. ఆమె ముందున్న క్యూ నాకు కనిపించేది, నా ముందున్నది ఆమెకు కనిపించేది. మూడేళ్ల పాటు నాకున్న పెద్ద సుఖం ఆ రెండు క్యూలనూ పోల్చి చూసుకోవడమే. నాది ఎప్పుడూ పొట్టిగా ఉండేది.

ఇద్దరం ఒకే రోజు చేరాం. ఆమెది కాజీపేట, వాళ్ల నాన్న రైల్వేలో పట్టాలు మలిపే పాయింట్స్‌మన్. మాది వరంగల్ బజారులో స్టీలు సామాన్ల దుకాణం. కొనడానికి వచ్చినవాళ్లను నవ్వించి ఉత్త చేతులతో పంపడంలో నాకు సాటి లేదని మా నాన్న తేల్చాక నన్ను ఈ ఉద్యోగంలోకి తోలారు. ఆమె నాకంటే ఆరు నెలలు పెద్ద. ఆ ఆరు నెలల్లో ఒక్క రోజును కూడా ఆమె వృథా పోనివ్వలేదు. మొదటి పూటే నన్ను ‘తమ్మీ’ అని పిలిచింది. నేను మాత్రం ఆమెను ‘అక్కా’ అనకుండా మూడేళ్లూ ‘ఇగో’, ‘ఇటు చూడుండ్రి’ లాంటి మాటలతో నెట్టుకొచ్చాను. అది ఎంత కష్టమో చేసినవాడికే తెలుస్తుంది.

నా క్యూ ఎందుకు పొట్టిగా ఉండేదో ఇక్కడే చెప్పేస్తాను, తర్వాత చెప్పాలంటే సిగ్గేస్తుంది. మా కంప్యూటర్లో పేషెంటు వివరాల దగ్గర ఫోన్ నంబరుకు ఒక గడి ఉండేది. పది అంకెలు నిండితే తప్ప అది ముందుకు కదలదు, ఎర్రగా మెరుస్తూ కూర్చుంటుంది. ములుగు వైపు అడవి ఊళ్ల నుంచి జీపుల్లో వచ్చేవాళ్లలో సగం మందికి ఫోన్ ఉండదు, ఉన్నా నంబరు తెలియదు. ఆమె దగ్గర ఇలా నడిచేది.

“తాతా, ఫోన్ ఉన్నదా?”

“ఉన్నది బిడ్డా, కొడుకు తాన.”

“కొడుకు నంబరు ఎంత?”

“వాని నంబరు వానికే తెల్వది.”

“మరి ఊర్ల ఎవరిదన్న రాసుకున్నవా?”

అప్పుడు ఆ తాత నడుముకు కట్టుకున్న సంచి విప్పేవాడు. అందులోంచి పొగాకు, బస్ టికెట్లు, ఎవరిదో పెళ్లి పత్రిక వచ్చేవి. ఆఖరికి నాలుగు మడతల కాగితం ఒకటి వచ్చేది. ఆమె ఆ నంబరుకు తన ఫోన్ నుంచి చేసి, “మీరు ఈ తాతకు ఏమైతరు?” అని అడిగి, వాళ్లు అల్లుడో, మనవడో, కిరాణా దుకాణమాయనో తేల్చుకుని, అది కూడా పక్కన రాసేది. ఈ లోపు ఆమె క్యూ మెట్ల దాకా పోయేది.

నేను మొదట్లో ఆ గడిలో పది తొమ్మిదులు కొట్టాను. కొన్నాళ్లకు కంప్యూటర్‌కు బుద్ధి వచ్చి, ఒకే అంకె పదిసార్లు కొడితే ఒప్పుకోవడం మానేసింది. అప్పుడు నాకు నోటికి వచ్చిన ఒకే ఒక్క నంబరు కొట్టాను. అది నాది. ఆ తాత, ఆ తర్వాతి అవ్వ, ఆ తర్వాతి బాలింత, అందరిదీ నా నంబరే. మా మేనేజరు ఒకసారి మా వెనక నిలబడి చూసి, “జర ఆ తమ్ముని చెయ్యి చూసి నేర్చుకోమ్మా” అని ఆమెకు చెప్పాడు. ఆమె తల ఊపింది, నేర్చుకోలేదు. నాకైతే ఆ వారమంతా అన్నం రుచిగా ఉంది.

అప్పుడు వచ్చింది సొసైటీ.

రాష్ట్రంలోని దవాఖానలన్నింటినీ ఒకదానితో ఒకటి కలపాలని సర్కారు అనుకుంది. ములుగులో చేసిన రక్తపరీక్ష వరంగల్ డాక్టరుకు కనబడాలి, ఒకే ఎక్స్‌రే మూడుసార్లు తీయించుకోకూడదు, అదీ సంగతి. అంతవరకు అందరికీ బాగానే ఉంది. ఆ నెట్‌వర్క్‌ను ఎవరు నడపాలి అన్నదగ్గర గొడవ మొదలైంది. ఆరోగ్య శాఖ మేం నడుపుతామంది. మా పేషెంట్ల వివరాలు సర్కారు చేతికి ఎందుకివ్వాలని ప్రైవేటు దవాఖానలు మొండికేశాయి. ఒక కంపెనీ వచ్చి పైసా తీసుకోకుండా, ఉత్తగానే నడిపిపెడతామంది. ఉత్తగా అనగానే అందరికీ భయం పట్టుకుంది. ఆఖరికి ఎవరిదీ కాని ఒక సంస్థ, అదే ఈ సొసైటీ, పెడదామన్నారు. లాభం తీసుకోదు, ప్రజలది, దాని నియమాలు దానికి ఉంటాయి, పాలకమండలిలో అధికారులతో పాటు డాక్టర్లు, రోగుల తరఫు మనుషులు కూడా కూర్చుంటారు. మొదట మా జిల్లాలో నడిపి చూసి, తర్వాత రాష్ట్రమంతా.

ఆ రోజుల్లో ఒక మధ్యాహ్నం క్యాంటీన్‌లో మిర్చి బజ్జీలు తింటూ ఆమె నన్ను అడిగింది.

“తమ్మీ, ఎవలిదీ కాని సంస్థ అంటె ఎట్లుంటదిరా? ఎవలన్న ఒకలిది కావాలె గద.”

“మీ కాజీపేట జంక్షన్ లెక్క” అన్నాను. “ఉత్తరం బండి వస్తది, దక్షిణం బండి వస్తది. జంక్షన్ ఏ బండినీ ఉంచుకోదు. ఎవని సంచీ ఇప్పి చూడదు. పట్టా మలుపుతది, పో అంటది. ఆలస్యమైతె మాత్రం తిట్లన్నీ దానికే.”

బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. నేను ఇంకో బజ్జీ తీసుకున్నాను. ఆమె నవ్వలేదు. ఆమెకు హాస్యం అర్థం కాదని అప్పట్లో నాకు గట్టి నమ్మకం.

నెల తిరక్కుండానే సొసైటీ నియమాల ముసాయిదా మీద ఒక కాలేజీ సెమినార్ హాల్లో ప్రజాభిప్రాయ సభ పెట్టారు. మా దవాఖాన నుంచి మా ఇద్దరినీ పంపారు. ఎందుకంటే మిగతా వాళ్లకు పని ఉంది. రెండు గంటల సేపు ఒక్కొక్కరూ లేచి, దేశం, ప్రజలు, చరిత్ర లాంటి పెద్ద పెద్ద మాటలు మాట్లాడారు. ఫ్యాన్లు కూడా అలసిపోయి తిరుగుతున్నాయి. అప్పుడు ఆమె లేచింది. మైకును తలకిందులుగా పట్టుకుంది, అది చూసి నేను కాస్త సర్దుకుని కూర్చున్నాను.

“మా నాయిన కాజీపేటల పాయింట్స్‌మన్ సర్” అని మొదలుపెట్టింది.

తర్వాత ఏం చెప్పిందో నేను వేరే చెప్పక్కర్లేదు. జంక్షన్ బండిని ఉంచుకోదు, సంచి విప్పదు, పట్టా మలుపుతుంది. నా బజ్జీల మాట అక్షరం పొల్లుపోకుండా హాల్లో నిలబడింది. తిట్ల సంగతి మాత్రం వదిలేసింది. హాల్లో ఎవరూ నవ్వలేదు. ముందు వరుసలో ఉన్న రిటైరైన డాక్టరమ్మ, తర్వాత సొసైటీకి అధ్యక్షురాలు అయింది ఆవిడే, కళ్లద్దాలు పెట్టుకుని రాసుకుంది. నేను పదిమందిని నవ్వించిన మాటతో ఆమె మూడు వందల కుర్చీలను నిశ్శబ్దం చేసింది. బయటికి వచ్చాక, “బాగ చెప్పిన్నా తమ్మీ?” అని అడిగింది. “విన్నట్టుంది ఎక్కడో” అన్నాను. ఆమె వంగి చెప్పు పట్టీ సర్దుకుంది.

సొసైటీ రిజిస్టరైంది. జిల్లా కోఆర్డినేటర్ పోస్టుకు దరఖాస్తులు పిలిచారు. దవాఖాన రికార్డుల్లో మూడేళ్ల అనుభవం కావాలన్నారు. ఇద్దరికీ ఉంది. ఇద్దరం పెట్టాం. నా ఇంటర్వ్యూ అద్భుతంగా జరిగింది. “పేషెంటు రికార్డుకు అసలు యజమాని ఎవరు?” అని అడిగారు. “ప్రస్తుతానికి చెదలు సర్” అన్నాను. నలుగురూ విరగబడి నవ్వారు, ఒకాయనకు నీళ్లు తాగించాల్సి వచ్చింది. ఉద్యోగం వచ్చినట్టే అనుకుని ఇంటికి వచ్చి మా అమ్మకు చెప్పాను. నవ్వించినవాణ్ని పనిలోకి తీసుకునే పద్ధతి ఒక్క సర్కస్‌లోనే ఉందని నాకు ఎవరూ చెప్పలేదు.

ఫలితాల కాగితం అంటించారు. మొదటి పేరు ఆమెది. రెండో పేరు నాది. కింద ఒక వాక్యం ఉంది. మొదటి అభ్యర్థిది తాత్కాలిక నియామకం, పాలకమండలి ముందు జిల్లా నెట్‌వర్క్‌ను నడిపి చూపించాక ఖాయం చేస్తారు, కుదరకపోతే జాబితాలో తర్వాతి పేరుకు అవకాశం. ఆ తర్వాతి పేరు వైపు చాలాసేపు చూశాను. ఎంత చూసినా అది నాదే.

ఆమె కౌంటర్ ఖాళీ అయింది. అద్దంలోంచి చూస్తే ఇప్పుడు ఉత్త కుర్చీ. అసూయ అంటే గుండె మండుతుందని అంటారు. నాకేం మండలేదు. నాకు ఆమె కొత్త కుర్చీ గుర్తొచ్చేది, అంతే. నక్కలగుట్టలో సొసైటీకి అద్దెకు తీసుకున్న రెండు గదుల్లో ఆమెకు తల ఆనించుకునే కుర్చీ ఇచ్చారట. నేను కూర్చునే స్టూలుకు వీపు కూడా లేదు. ఆమె మెడలో నీలం తాడు, దానికి కార్డు. తలుపు మీద పేరు. నేను తలను కూడా మోయలేక ఇంటికి వచ్చేసరికి మా అమ్మ సిద్ధంగా ఉండేది.

“నీ పక్కన కూసున్న పిల్లకు గవర్నమెంటు ఉద్యోగమొచ్చిందట గద.”

“గవర్నమెంటు కాదమ్మా. సొసైటీ.”

“ఏ సొసైటీ? ఎరువులిచ్చేదా?”

“దవాఖానలను కలిపేది. లాభం లేనిది.”

“లాభం లేంది నువ్వు కూడ చేస్తనే ఉన్నవ్ గదరా మూడేండ్ల సంది. నీకెందుకు రాలే?”

కంచం ముందుకు జరిపి ఇంకాస్త పప్పు వేయమన్నాను. 

మండలి ముందు నడిపి చూపించేది శనివారం. దానికి ముందు సోమవారం జిల్లాలోని పాత రికార్డులన్నీ నెట్‌వర్క్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టారు. రికార్డులను జత చేసేది ఫోన్ నంబరును బట్టి. ఎవరి నంబరు ఉంటే వాళ్లకు కబురు వస్తుంది, ఫలానా రికార్డు మీ పేరున చేరింది, డాక్టర్లు చూడటానికి అనుమతి ఇస్తారా అని. సోమవారం పొద్దున పదింటికి నా ఫోన్ ఒకసారి మూలిగింది. పదింబావుకు నాలుగుసార్లు. పదకొండింటికి ఆపకుండా మూలగడం మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి నాకు నాలుగు కాన్పులయ్యాయి, అందులో ఒకటి కవలలు. గర్భసంచి తీసేశారు. సాయంత్రానికి ఏడు కళ్లకు శుక్లాల ఆపరేషన్ జరిగింది. ఒక తొంభై ఏళ్ల వయసు, ఒక ఆరేళ్ల వయసు, రెండూ నావే.

ముందు నవ్వాను. నిజంగా చాలా నవ్వాను, కౌంటర్ దగ్గర ఉన్నవాళ్లు వెనక్కి జరిగేంత నవ్వాను. తర్వాత లెక్క అర్థమైంది. ఈ జిల్లాలో రికార్డులన్నీ సరిగ్గా ఉన్నాయని మండలికి మాట ఇచ్చింది ఆమె. శనివారం అందరి ముందు తెర మీద ఏ ఊరు తెరిచినా, ఆరు నెలల గర్భంతో హెర్నియా ఆపరేషన్‌కు వచ్చిన ఇరవై ఏడేళ్ల మగమనిషి బయటపడతాడు. ఆమె నోరు తెరిచే లోపే పోస్టు పోతుంది. తర్వాతి పేరు ఎవరిదో ఇంతకుముందే చెప్పాను.

ఒక మనిషి తను చేసిన తప్పు వల్లనే పక్కవాళ్ల ఉద్యోగం తెచ్చుకోవడం మా దుకాణం చరిత్రలో కూడా లేదు. నేనేం చేయనక్కరలేదు. ఫోన్‌ను మాట్లాడనివ్వకుండా చేసి జేబులో పెట్టుకుంటే చాలు. పెట్టుకున్నాను. సోమవారం నాడు పెట్టుకున్నాను. మంగళవారం కూడా పెట్టుకున్నాను. మంగళవారం ఆమె ఫోన్ చేసింది.

“తమ్మీ, మన దవాఖాన రికార్డులు మంచిగనే ఎక్కుతానయా? ఏమన్న తేడా కనబడ్తాందా?”

“నాకేం కనబడతది? నేను స్టూలు మీద ఉన్న” అన్నాను.

“శనివారం రా మరి. ముందు వరుసల కూసో.”

“చూద్దాం” అన్నాను. ఆ రాత్రి బాగా నిద్రపట్టింది. నిద్రపట్టకపోవడం గురించి చాలామంది రాస్తారు. నాకు పట్టింది, అందుకే రాస్తున్నాను.

బుధవారం మధ్యాహ్నం పనిలేక ఆ కబుర్లు తెరిచి చదవడం మొదలుపెట్టాను. ఊరికే, సరదాకి. ఎవరికి ఏ మందు పడదో, ఎవరికి పిల్లలు పుట్టరని రాశారో, ఎవరికి తాగుడు వల్ల కాలేయం పాడైందో, అన్నీ నా అరచేతిలో ఉన్నాయి. అందరూ అనుమతి అడుగుతున్నారు, నన్ను. అలా కిందికి పోతూ ఉంటే ఒక పేరు తెలిసినట్టుంది. మా ఆయమ్మది.

ఆయమ్మ మా దవాఖానలో కింది అంతస్తు ఊడుస్తుంది. ములుగు అవతల ఊరు. రోజూ నా స్టూలు కింద చీపురు పెట్టి, “కాళ్లు లేపు దొరా” అంటుంది. నేను, “లేపితె పడిపోత” అంటాను. మూడేళ్లుగా ఇదే సంభాషణ. ఆ కబురులో ఆమె రక్తపరీక్ష ఫలితం ఉంది. షుగర్ చాలా ఎక్కువగా ఉంది, వెంటనే మళ్లీ రావాలి. పరీక్ష ఎనిమిది నెలల కిందటిది. అంటే అప్పుడే ల్యాబ్ వాళ్లు కబురు పంపి ఉంటారు. ఫోన్‌లో పాతవి వెతికాను. ఉంది. అప్పు కావాలా అనేదానికీ, ప్లాటు కొంటారా అనేదానికీ మధ్యలో ఇరుక్కుని ఉంది. తెరవలేదు నేను. రెండోసారి పంపారు, అదీ తెరవలేదు.

ఆయమ్మ కారిడార్ చివర ఊడుస్తోంది. ఎడమ కాలికి పాత చీర ముక్క కట్టి ఉంది. అది ఎన్నాళ్లుగా ఉందో నాకు గుర్తురాలేదు. దగ్గరికి వెళ్లాను.

“కాలుకేమైంది ఆయమ్మా?”

“ఏం గాలె. చెప్పు కరిసింది. మానతలేదు.”

“ఎన్ని దినాలైతాంది?”

“దసర అయినంక.”

“డాక్టరుకు సూపెట్టరాదు?”

“రోజు సూస్తనే ఉన్న గద డాక్టర్లను, ఈడనే తిరుగుతరు.” తన జోక్‌కు తనే నవ్వి, చీపురు కర్రకు ఆనుకుంది. “అప్పుడు రక్తం తీసిండ్రు నాకు. ఏమన్న ఉంటె ఫోన్ చేస్తమన్నరు. చెయ్యలే. అంటె మంచిగున్నట్టే గద.”

“నీకు ఫోన్ లేదు గద.”

“లేదంటినే నీకు ఆనాడు. నువ్వే ఏదో నంబరు కొట్టి, ఫికర్ చెయ్యకు పో అన్నవ్.”

నేను ఒక జోక్ కోసం వెతికాను. అలవాటు. ఏదీ దొరకలేదు. చీపురు ఆమె చేతిలోంచి తీసుకుని గోడకు ఆనించి, పైఅంతస్తులో డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. డాక్టరు కట్టు విప్పి చూసి, ముందు ఆమెను కాదు, నన్ను తిట్టాడు. ఎందుకు తిడుతున్నాడో ఆయనకు తెలియదు, అయినా సరిగ్గానే తిట్టాడు. కాలుకు ఏమీ కాదనీ, ఇంకో నెల పోయి ఉంటే చెప్పలేమనీ అన్నాడు. మందులు మొదలుపెట్టారు. ఆయమ్మ నాకు దండం పెట్టబోయింది. దానికి మాత్రం నేను ఆగలేకపోయాను, కిందికి దిగి వచ్చేశాను.

గురువారం పొద్దున నక్కలగుట్ట పోయాను. కుర్చీ నిజంగానే తల ఆనించుకునేదే. ఆమె దానికి తల ఆనించకుండా, స్టూలు మీద కూర్చున్నట్టు ముందుకు వంగి కూర్చుంది. ఫోన్ ఆమె ముందు పెట్టాను. మూడేళ్లుగా ఆ గడిలో ఏం కొట్టానో చెప్పాను. ఆమె కబుర్లను పైకి తోస్తూ చాలాసేపు చదివింది.

“ఎంతమంది ఉంటరు?”

“తెల్వదు. నాలుగు కాన్పుల దాక లెక్కపెట్టిన. బాలింతను, ఎక్కువ చదవద్దు గద.”

“జోకులు బంద్ చెయ్యి తమ్మీ.”

చేశాను. ఆమె ఇంకా పైకి పోయి ఆగింది.

“ఇవి సోమారం సంది వస్తానయి. ఇయ్యాల బేస్తారం.”

“బిజీగ ఉన్న.”

“నీ క్యూ ఎప్పుడు ఖాళీగనే ఉంటది గద.”

నేను గోడ మీద క్యాలెండర్ చూశాను. ఆమె కూడా చూసింది. ఇద్దరికీ శనివారం మీద గుండ్రంగా గీసిన ఎర్రగీత కనిపించింది.

“రెండో పేరు నీదే” అంది.

“అవు.”

“మరి ఎందుకొచ్చినవ్?”

ఆయమ్మ కాలు గురించి చెప్పాను. ఆమె మొహం కడుక్కున్నట్టు రెండు చేతులతో తుడుచుకుంది. ఆమెకు కోపం వస్తుందని చూశాను. వస్తే నాకు సులువుగా ఉండేది. కోపానికి నేను బాగా జవాబు చెప్పగలను.

“జంక్షన్ మాట నీదే అని నాకు యాదికుంది” అంది ఉన్నట్టుండి. “నువ్వు నవ్వియ్యనీకి అన్నవ్. నేను ఇంటికి పోయి నాయినను అడిగిన, నిజంగ గట్లనేనా అని. ఒక పూటంత అడిగిన. పట్టా తప్పుగ మలిపితె ఏమైతదో గది కూడ చెప్పిండు. అప్పుడు లేసి మాట్లాడిన. నీ పేరు చెప్తె బాగుండు. చెప్పలే. అది నా తప్పు.”

ఆమె అలా తప్పు ఒప్పుకోవడం నాకు ఏమాత్రం నచ్చలేదు. నేను మూడు రోజులు దాచిన దానికి, ఆమె ఒక్క మాట దాచిన దానికి ఒకే పేరు పెట్టి నా పక్కన వచ్చి నిలబడ్డట్టు అయింది. అందులో కూడా ఆమే నాకంటే బాగా చేసింది.

ఆ రోజు, మర్నాడు ఇద్దరం కూర్చుని నా నంబరు మీద ఉన్నవన్నీ విడదీశాం. ఒక్కొక్కటి పక్కకు తీసి, మనిషి దొరికేదాకా ఎవరికీ కనబడకుండా తాళం వేశాం. పక్కపక్కన కూర్చున్నాం కానీ మధ్యలో అద్దం లేదు. ఆమె పని నెమ్మదిగానే చేస్తుంది. చూస్తూ ఉంటే చేతులు దురద పెట్టేవి. ఒక్కసారి కూడా తప్పు చేయలేదు. అదీ దురదే.

శనివారం నేను ముందు వరుసలో కూర్చోలేదు, చివర కూర్చున్నాను. నా పక్కన ఇంకేదో దవాఖాన మేనేజరు, సఫారీ డ్రస్సు. ఆమె తెర వెలిగించి, “అన్నింటికంటే ముందు మా తప్పు చూపిస్తాను” అని మొదలుపెట్టింది. నంబరు చివరి అంకెలు చెరిపేసి, కాన్పులు, హెర్నియాలు, ఏడు కళ్లు, అన్నీ వరుసగా చూపించింది. హాలు హాలంతా నవ్వింది. చూపించింది ఆమె, సరుకు నాది, నవ్వు ఆమెకు. నేను బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాను.

నవ్వులు తగ్గాక మండలిలో రోగుల తరఫున కూర్చున్న వర్ధన్నపేట రైతు ఒకాయన అడిగాడు.

“గడి నింపకుంటె ముందలికి పోదంటిరి. మరి ఫోన్ లేనోనికి రోగం రావద్దా అమ్మా?”

“అదే సర్. ఫోన్ లేని మనిషి ముందు ఫోన్ గడి పెట్టినం మనం. నింపినోల్ల తప్పు తర్వాత, పెట్టినోల్ల తప్పు ముందు.”

అరగంట మాట్లాడుకున్నారు. ఆఖరికి సొసైటీ నియమాల్లో కొత్తగా ఒకటి చేర్చారు. ఫోన్ లేని మనిషికి కాగితం కార్డు ఇవ్వాలి. ఇంకొకరి నంబరు వేస్తే ఆ ఇంకొకరు ఎవరో, ఏమవుతారో రాసి, వాళ్లను అడిగే వేయాలి. ఈ రాష్ట్ర ఆరోగ్య నెట్‌వర్క్‌కు పుట్టినప్పుడు నేను ఇచ్చిన కానుక ఆ ఒక్క నియమం. దాని కింద నా పేరు లేదు, ఉంటే ఇంకా ఘోరం.

“ఇది ఎట్లా పట్టుకున్నారమ్మా?” అని డాక్టరమ్మ అడిగింది.

నేను ముందు వరుస వీపుల వెనక్కి ఒదిగాను. ఆమె చివరి వరుస వైపు చూడలేదు.

“మేం పట్టుకోలేదు మేడం. ఎంట్రీ చేసిన ఆపరేటరే వచ్చి చెప్పిండు. ఎవ్వరు అడగకముందే.”

డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది. మండలి కొట్టింది. తర్వాత హాలంతా కొట్టింది. ఎవరో తెలియని ఆపరేటర్ కోసం అంతమంది కొడుతుంటే నేనూ కొట్టాల్సి వచ్చింది. ఆమె చెప్పినదాంట్లో అబద్ధం లేదు. సోమవారం, మంగళవారం, బుధవారం మాత్రం లేవు. అవి తీసేస్తే మిగిలిన మనిషి ఎంత బాగున్నాడంటే, అడగకముందే నడిచి వచ్చి, ఫోన్ బల్ల మీద పెట్టి, తలెత్తుకుని నిలబడ్డాడు. అన్ని నెలల్లో ఆమె కుర్చీని చూసి కుళ్లుకున్నదంతా ఒక ఎత్తు, ఆ ఆపరేటర్‌ను చూసి కుళ్లుకున్నది ఒక ఎత్తు. లేచి నిలబడి అది నేనే అనొచ్చు. అంటే ఎప్పుడు తెలిసింది అని అడుగుతారు.

చప్పట్ల మధ్యలోనే ఆమె పోస్టు ఖాయమని చదివారు. ఆమె తల వంచుకుని, నీలం తాడును వేలికి చుట్టుకుంది.

నా పక్కన సఫారీ డ్రస్సాయన ఇంకా తల ఊపుతూనే ఉన్నాడు.

“ఎవడో గాని, మంచోడు. గిసుంటి మనిషి మా దవాఖానల ఒక్కడుంటె చాలు. ఈ రోజుల్ల ఉంటరా తమ్మీ అట్లాంటోల్లు?”

“ఉండరు సార్” అన్నాను.